నిప్పు తగలని చెయ్యి

చిన్నప్పుడు మా వాడలో నన్ను డప్పు అని పిలిచేవాళ్ళు. ఒక ఇంట్లో గుసగుసలాడిన మాట నా చెవిన పడితే, పొయ్యి మీద ఎసరు కాగేలోపు ఇరవై ఇళ్ళకూ చేరిపోయేది. మా అమ్మ కొట్టి చూసింది, తిట్టి చూసింది, చివరికి నేనున్నచోట మాట్లాడటమే మానేసింది. ఇప్పుడు నా మనవరాళ్ళు "అవ్వా, నీకెన్ని ముచ్చట్లు యాదికున్నయే" అని మురిసిపోతుంటే నాకు లోపలెక్కడో కలుక్కుమంటుంది. ఈ నోటి వల్ల ఒక మనిషికి ఏమైందో వాళ్ళకు తెలియదు. నేను చెప్పలేదు. అందరి సంగతులూ అందరికీ చెప్పినదాన్ని, ఇదొక్కటీ ఎవరికీ చెప్పలేదు.

మాది బోధన్ దగ్గర కాలువ పక్కన ఒక చిన్న ఊరు. నేను చెప్పే కాలానికి కాలువ నీళ్ళు వచ్చి ఎంతో కాలం కాలేదు. జొన్న చేలన్నీ చూస్తుండగానే చెరుకు తోటలైపోయాయి. చక్కెర ఫ్యాక్టరీ ఇంకా రాలేదు కాబట్టి చెరుకంతా దొర గానుగల్లోనే ఆడి బెల్లం వండేవాళ్ళు. మా వాడ మగవాళ్ళు గానుగ దగ్గర, ఆడవాళ్ళు తోటలో. పిల్లలం ఎండిన చెరుకు పిప్పి మోసుకొచ్చి పొయ్యిలోకి ఎగేసేవాళ్ళం. మా తాతల కాలంలోనే వాడ మొత్తం బాప్తీస్మం తీసుకుంది. నాలుగు మట్టి గోడలూ పైన గడ్డి కప్పూ, అదే మా ప్రార్థన ఇల్లు.

నాకు ఏడేళ్ళప్పుడు పంతులమ్మ వచ్చింది. నిజామాబాద్‌లో మిషన్ బడిలో చదువుకున్న మనిషి. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. పెళ్ళైన రెండేళ్ళకే మొగుడు పోయాడు, పుట్టిన బిడ్డ దక్కలేదు. పెద్దవాళ్ళకు వాక్యం చెప్పడానికి నెలకోసారి పాస్టరు అయ్యగారు వచ్చేవారు. ఈమె మాత్రం పిల్లల కోసమే వచ్చింది. ప్రార్థన ఇంటి పక్క గదిలో ట్రంకుపెట్టె పెట్టుకుని, మొదటి సాయంత్రమే వాడంతా తిరిగి పిల్లల్ని పోగేసింది. "పెద్దోళ్ళకు సంఘం ఉన్నది. మీకెందుకు లేదు?" అని అడిగింది. మాకెందుకు లేదో మాకేం తెలుసు?

ఆ విధంగా మా పిల్లల సంఘం మొదలైంది. దానికి పెద్దను మేమే ఎన్నుకున్నాం. సెక్రెటరీగా నన్ను ఎన్నుకున్నారు, నాకు అక్షరం ముక్క రాకపోయినా. సెక్రెటరీ పనంటే అందరికీ కబురు చెప్పడమని పంతులమ్మ అంది, ఆ పనికి వాడలో నాకు పోటీ ఎవరు? ప్రతి ఆదివారం ఒక్కో పిల్ల ఇంటి నుంచి పిడికెడు బియ్యమో జొన్నలో తెచ్చి కుండలో వేయాలి. నెలాఖరున ఆ గింజలతో పంతులమ్మ గంజి కాచేది. వాడలో ఎవరు జబ్బుపడితే వాళ్ళింటికి మేమే మోసుకుపోయి ఇచ్చేవాళ్ళం. కడుపు నిండా తిండి లేని పిల్లలం ఇంకొకరికి గంజి పోస్తుంటే మాకు వచ్చిన గర్వం ఇంతా అంతా కాదు. అంత గర్వం నాకు జీవితంలో మళ్ళీ రాలేదు.

మాకెవరికీ చదువు రాదు కాబట్టి వాక్యాన్ని ఆమె వేళ్ళ మీద నేర్పేది. మాటకొక వేలు. పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలు పట్టుకుని మొదటి మాట, చూపుడు వేలు పట్టుకుని రెండో మాట. పదివేళ్ళూ అయ్యేసరికి వాక్యం వచ్చేసేది. వారం పొడుగునా పిప్పి మోస్తూ మేం వేళ్ళు ముడుచుకుంటూ అప్పజెప్పుకునేవాళ్ళం. మా చెల్లెలు మా అందరిలోకీ చిన్నది, అప్పటికి నాలుగేళ్ళు. దానికి మూడో వేలు దాటేది కాదు. పంతులమ్మ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ బుడ్డ వేళ్ళు పట్టుకుని, ఒక్కోసారి మిగతా పాఠమంతా అట్లాగే చెప్పేది. దక్కని బిడ్డ వయసు లెక్కేసుకునేదేమో. అప్పుడు నాకు ఆ ఆలోచన లేదు, కుళ్ళు మాత్రం ఉండేది.

రెండో ఏడాది చలికాలంలో గానుగ ఆడుతున్నన్నాళ్ళు పిల్లలకు సాయంత్రాలు కూడా తీరిక ఉండేది కాదు. దాంతో పంతులమ్మ గానుగ దగ్గరికే వచ్చి, పిప్పి కుప్ప పక్కన కూర్చుని సంఘం నడిపింది. పొయ్యి ఎదురుగా ఉంది కదా అని అగ్నిగుండం కథ చెప్పింది. రాజు నిలబెట్టిన బొమ్మకు మొక్కని ముగ్గురు యువకుల్ని గుండంలో పడేస్తే వాళ్ళ వెంట్రుక కూడా కమలలేదని. ఎదురుగా మంట ఎగసిపడుతుంటే ఆ కథ వింటూ మేం ఒకరికొకరం దగ్గరగా జరిగాం.

కథ అయ్యేసరికి పాకం దిగింది. పెద్ద పెనంలోంచి చెక్క దోనెలో పోశారు. పిల్లలకు తలా కాస్త పెట్టమని బెల్లం వండే ముసలాయన అంటే, పంతులమ్మ దోనె అంచున చిక్కబడుతున్న బెల్లాన్ని వేళ్ళతో తీసి ఒక్కొక్కరి ఆకులో పెట్టసాగింది. మేం ఆకు పట్టుకున్నా చేతులు కాలి ఎగురుతున్నాం. ఆమె తీస్తూనే ఉంది, పెడుతూనే ఉంది.

"అమ్మా, చెయ్యి కాలుతది," అన్నాడు ముసలాయన.

"ఏం గాదు తాతా," అంది ఆమె. కాస్త ఆలస్యంగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

నేను ఆ చెయ్యినే చూస్తున్నాను. నా బుర్రలో అగ్నిగుండం ఇంకా మండుతూనే ఉంది. ఇక నాకు నిద్ర పట్టలేదు. మూడు రోజులు ఆలోచించి, చూసి నమ్మాలనుకున్నాను. ఆదివారం రాత్రి ప్రార్థనలో ఆమె కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు, పక్కనున్న కందిలి దీపపు వేడి గాజును మెల్లగా జరిపి ఆమె కుడి చిటికెన వేలికి ఆనించాను. పది లెక్కపెట్టాను. ఆమె ప్రార్థన ఆగలేదు, గొంతు వణకలేదు. మర్నాడు ఆ వేలికి గుడ్డ పీలిక కట్టుకుని కనిపించింది. ఏమైందని ఎవరో అడిగితే "ఏడ తాకిందో ఏమో, తెల్వనే లేదు" అంది. నాకింకేం రుజువు కావాలి? నిప్పు తాకినా నొప్పి తాకలేదు.

ఆశ్చర్యంగా, ఈ ఒక్క సంగతి నేను వాడలో చెప్పలేదు. పెద్ద సమయం కోసం దాచాను. ఏటా చలికాలం చివర నిజామాబాద్ దేవాలయంలో పిల్లల పండుగ జరిగేది. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల సంఘాలన్నీ బండ్లు కట్టుకుని వచ్చేవి. ఒక్కో సంఘం తరఫున ఒక పిల్ల నిలబడి, దేవుడు తమ ఊళ్ళో చేసిన మేలు చెప్పాలి. సెక్రెటరీని కాబట్టి మా తరఫున నేను. ఆ మేలుగా ఏం చెప్పాలో పంతులమ్మ నాకు నేర్పింది. గంజి సంగతి. నేను బుద్ధిగా తలూపాను.

శనివారం పొద్దున బయల్దేరి సాయంత్రానికి పట్నం చేరాం. మర్నాడు దేవాలయంలో జనం కిటకిటలాడుతున్నారు. ముందు వరసలో అయ్యగార్లు, బడి టీచర్లు, పెద్దరోగపు ఆసుపత్రి, అంటే కుష్ఠు ఆసుపత్రి, తెల్ల డాక్టరు దొర. నా వంతు వచ్చింది. గంజి సంగతి రెండు ముక్కల్లో ముగించి, గొంతు పెంచాను.

"మా పంతులమ్మ చెయ్యికి నిప్పు తగలదు. కాగిన బెల్లం ముట్టుకుంటే గూడ కాలలే. నేను కందిలి ఆనిచ్చి సూసిన. ఆమెకు తెల్వనే తెల్వలే. అగ్నిగుండంల ఆ ముగ్గుర్ని కాసినట్టు దేవుడు మా పంతులమ్మను కాస్తుండు."

జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు. ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. నేను మా సంఘం వైపు చూశాను, పిల్లలంతా పొంగిపోతున్నారు. వాళ్ళ వెనక పంతులమ్మ కూర్చుని ఉంది. కుడి చెయ్యి కొంగు కింద దాచుకుంది. ముందు వరసలో డాక్టరు దొర ఒక్కడే నోరు మెదపకుండా ఆమెనే చూస్తున్నాడు.

ఆరాధన అయ్యాక ఆమెను పక్క గదిలోకి పిలిచారు. సన్మానం చేస్తారేమో అనుకుని నేను తలుపు సందులోంచి చూశాను. దొర చేతిలో ఒక కోడి ఈక ఉంది. ఆయన మాట్లాడే తెలుగు పుస్తకంలోని తెలుగు.

"కన్నులు మూసికొనుము. నేను ముట్టినప్పుడు చెప్పుము," అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన ఈక ఎత్తి పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. "ఆఁ, ముట్టిండ్రు," అంది ఆమె. ఆయన ముట్టలేదు. కాసేపటికి మళ్ళీ "ఆఁ, ఇప్పుడు," అంది. అప్పుడూ ముట్టలేదు. ఆ తరవాత ఆయన ఈకతో చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా నిమిరాడు. ఆమె మాట్లాడలేదు. నేను అదేదో ఆట అనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. ఆమెకు అంతకుముందే అనుమానం ఉంది. పిల్లలకు దూరం కావాల్సి వస్తుందన్న భయంతో దాచుకుంది. ఆ ఈక కింద కూడా దాచాలని చూసింది.

మా బండ్లు కట్టి ఉన్నాయి. ఆమె గోడ పక్కన నిలబడి నన్నొక్కదాన్నే పిలిచింది. నేను పరిగెత్తబోతే చెయ్యెత్తి ఆపింది.

"ఆడనే నిలవడు బిడ్డా. దగ్గరికి రాకు."

"నేను తప్పు జెప్పిన్నా, పంతులమ్మా?"

"తప్పేం లేదు. సూసిందే జెప్పినవ్. నేను మీతోని వస్తలేను. దొర ఆసుపత్రిల ఉండాలంటుండు." బండిలో ఉన్న చెల్లెలి వైపు చూసింది. "బియ్యం కుండ నువ్వు సూసుకో. చిన్నదాన్ని బండిల అంచుకు కూసోనియ్యకు."

ఒక్కసారి ఊరికి పోయి సామాను సర్దుకు రమ్మని అయ్యగారు అన్నారట. ఇంక పిల్లలున్న చోట కాలు పెట్టనని ఆమే అన్నదట. ట్రంకుపెట్టె తరవాత ఎవరో తీసుకుపోయారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు ఆ సామెత వింటేనే మండుతుంది. నా నోరు జారలేదు, నేను కావాలని, బాగా అరిచి చెప్పాను.

మేం ఊరు చేరేసరికి కబురు మా కన్నా ముందే చేరింది. మొదటిసారి ఒక కబురు నాకన్నా ముందు పరిగెత్తింది. ప్రతి ఇంటి ముందూ తల్లులు పిల్లల్ని కూర్చోబెట్టి చేతులకు బూడిదా చింతపండూ వేసి రుద్దుతున్నారు. ఆమె పట్టుకున్న వేళ్ళు కదా. మా అమ్మ నా చేతుల్నీ తమ్ముడి చేతుల్నీ రుద్ది, చెల్లెల్ని పట్టుకుంది. తోలు ఊడేలా రుద్దుతుంటే అది ఇంటికప్పు లేచిపోయేలా ఏడ్చింది.

అరుగు మీద మా అవ్వ కూర్చుని ఉంది, మా బాపు తల్లి, నాయనమ్మ. కాళ్ళకు ఎప్పుడూ గోనె పీలికలు చుట్టుకుని, వాతమని మూలుగుతూ ఉండేది. "ఎందుకే పోరిని గట్ల సంపుతవ్?" అంది. మా అమ్మ తలెత్తి అవ్వ వైపు ఒక చూపు చూసింది. అవ్వ మొహం తిప్పుకుంది. ఆ చూపుకు అర్థం నాకు ఐదేళ్ళ దాకా తెలియలేదు.

ఆసుపత్రిలో ఏటా కోతల పండుగకు బయటివాళ్ళను రానిచ్చేవారు. అయ్యగారి బండిలో నేను ఏటా పోయేదాన్ని. సున్నం కొట్టిన రాళ్ళ వరస ఒకటి ఉండేది, అటు వాళ్ళు, ఇటు మేము. నన్ను తిడుతుందని మొదటి ఏడాది భయపడుతూ పోయాను. ఆమె నన్ను చూసి నవ్వింది. కుడి చేతికి కట్టు ఉంది. వారానికి రెండుసార్లు నూనె సూదులు పొడుస్తారని, కూర్చోలేనంత నొప్పని చెప్పింది. లోపల జబ్బున్న పిల్లలు పదిమంది దాకా ఉన్నారట. వాళ్ళతో మళ్ళీ పిల్లల సంఘం పెట్టిందట. ఆ మాట చెప్పేటప్పుడు పాత పంతులమ్మే.

తరవాత గొంతు తగ్గించి మా వాడ పిల్లల్ని ఒక్కొక్కరినే పేరుపేరునా అడిగింది. ఒంటి మీద పాలిపోయిన మచ్చలేమైనా ఉన్నాయా అని. నాకు తెలియదన్నాను.

"నువ్వే సూడాలె. నీకంటే నాకు ఎవరున్నరు? కాలువల తానాలు జేసేటప్పుడు ఎండల నిలవెట్టి సూడు. మచ్చ కనవడితే కోడి ఈకతోని ముట్టు. తెలుస్తుందా అని అడుగు. నా అసొంటిదాన్ని నమ్మకు, కండ్లు మూయించి అడుగు."

ఆ నెల నుంచి నేను ఆ పని చేశాను. ఆట అని చెప్పి పిల్లల్ని కాలువ గట్టున వరసగా నిలబెట్టి, వీపులూ భుజాలూ తొడలూ చూసేదాన్ని. పిల్లలు కితకితలకు మెలికలు తిరిగేవాళ్ళు. ఆ మెలికలు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. పండుగకు పోయి ఆమెకు చెప్పేదాన్ని.

"ఒక్కలకు గూడ లేదా?"

"లేదు పంతులమ్మా."

"నీ చెల్లెకు?"

"లేదు."

"దేవునికి స్తోత్రం. గింతే సాలు నాకు," అనేది. ఆమె చేతివేళ్ళు ఏటేటా వంకరపోతున్నాయి. అయినా ఆ ఒక్క మాట వినగానే ఆమె మొహం తేటపడేది. నా పిల్లలకు నా వల్ల ఏమీ కాలేదు, ఆ ఒక్క ధీమా మీదే ఆమె సూదులు పొడిపించుకుంటోందని నాకు ఆ వయసులోనే అర్థమైంది. ఆ మాటను ఏటా మోసుకుపోయేదాన్ని నేనే.

ఐదేళ్ళు గడిచాయి. చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం లేచింది. దొర గానుగలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. మా బాపుకు ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బండ్లు దించే పని దొరికింది. ఇంట్లో మొదటిసారి వారానికి రెండు పూటలైనా వరి అన్నం ఉడికింది. నాకు పద్నాలుగేళ్ళు, పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఒకరోజు పొద్దున కాలువ గట్టు మీద చెల్లెలి తల రుద్దుతుంటే, దాని ఎడమ భుజం వెనక అరచేతి వెడల్పున పాలిపోయి కనిపించింది. కళ్ళు మూసుకోమన్నాను. ఈకతో ముట్టాను.

"ముట్టు అక్కా, ఎంతసేపు?" అంది.

ఇంకో ఈక తెచ్చాను. చీపురు పుల్ల తెచ్చాను. "ముట్టవేందే?" అంటూ అది నవ్వుతోంది.

అమ్మకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. లేచి అరుగు మీదికి పోయి, కునుకుతున్న అవ్వ కాలి నుంచి గోనె పీలికలు విప్పింది. వేళ్ళు సగానికి సగం లేవు.

"పదేండ్ల సంది ఉన్నది ముసల్దానికి," అంది అమ్మ. "నీ చెల్లె పుట్టినకాడి నుంచి ఆమె పక్కల్నే పండుతది. నేను వద్దంటే మీ బాపు వింటడా? తల్లాయె." పీలికలు మళ్ళీ చుట్టింది. "నువ్వు నోరు తెరిచినవనుకో, మీ బాపును పనిలకెళ్ళి తీసేస్తరు. నిన్ను ఎవ్వడు జేసుకోడు. ముసల్ది ఇయ్యాల్నో రేపో పోతది. డప్పు మోగిందంటే నా పీనిగెను సూస్తవ్."

అవ్వ కళ్ళు మూసుకునే ఉంది. మెలకువగా ఉందని నాకు తెలుసు, కనురెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇన్నేళ్ళకూ నాకు తేలలేదు.

చెల్లెల్ని తీసుకుని అమ్మా నేనూ ఆసుపత్రికి పోయాం. దొర చాలా మెత్తగా అడిగాడు. "గృహములో మరి యెవరికైనను ఈ వ్యాధి కలదా? చిన్నది ఎవరి ప్రక్కను పరుండును?"

"ఎవ్వలకు లేదు దొరా. నా పక్కల్నే పంటది," అంది అమ్మ. నేను నేల చూశాను.

రాళ్ళ వరస అవతల పంతులమ్మ నిలబడి ఉంది. పండుగ రోజు కాని రోజున మమ్మల్ని చూడగానే ఆమెకు సగం తెలిసిపోయింది. చెల్లెలు "పంతులమ్మా" అని చెయ్యూపింది, పదకొండేళ్ళ పిల్ల, ఆమె అంటే అంత ఇష్టం. ఆమె చెయ్యూపలేదు. నా మొహంలోకి చూసింది.

"నేను పట్టుకున్నందుకేనా బిడ్డా? నా చెయ్యి తగిలేనా?"

నా నోట్లో మాట ఉంది. మా అవ్వ పక్కన పడుకుంది పంతులమ్మా, నీకేం సంబంధం లేదు. ఆ ఒక్క ముక్క. అమ్మ గోళ్ళు నా జబ్బలో దిగబడ్డాయి. ఊళ్ళో గాలి కదిలినా చాటేదాన్ని, ఆరోజు నోరు తెరవలేదు. నేను మాట్లాడకపోవడమే ఆమెకు జవాబైంది.

"సరే బిడ్డా. నాదే పాపం," అంది. చెల్లెల్ని రమ్మని పిలిచింది. చెయ్యి పట్టుకోలేదు, ముందు నడిచి దారి చూపించింది.

తరవాతి పండుగకు పోతే పంతులమ్మ రాళ్ళ దగ్గరికి రాలేదు. చెల్లెలు చెప్పింది. మేం దాన్ని దిగబెట్టి వచ్చిన రోజు నుంచే ఆమె లోపలి పిల్లల సంఘం మానేసిందట. పిల్లలు పోయి బతిమాలితే తలుపేసుకుందట. పుండ్ల కట్లు ఉతికే పని అడిగి తీసుకుని, పొద్దస్తమానం కాగుల దగ్గరే ఉంటోందట. చెల్లెలి అన్నం గిన్నె, బట్టలు, సూదుల రోజున పక్కన కూర్చోవడం, అన్నీ ఆమే చూసుకుంటుంది. అయితే ముట్టుకోవాల్సి వస్తే చేతులకు గుడ్డ చుట్టుకుంటుందట. ఇద్దరికీ ఉన్నది ఒకటే జబ్బు. ఇంకా దేనికి ఆ గుడ్డ?

ఆ వానాకాలం మా అవ్వ పోయింది. అమ్మ ఆమెను పీలికలతోనే పూడ్పించింది, ఎవరినీ కడగనివ్వలేదు. పూడ్చిన మూడో రోజే నేను అమ్మను అడిగాను. ఇంక చెప్పడానికి భయమేముంది, నాతో రా, దొరకూ పంతులమ్మకూ నువ్వే చెప్పు అన్నాను.

"సచ్చినామె పేరు ఎత్తకు. నీ తర్వాత పెండ్లికి నీ తమ్ముడున్నడు. నేను రాను, నేను జెప్ప," అంది. ఆ మాట మీదే చచ్చేదాకా నిలబడింది.

నేనొక్కదాన్నే అయ్యగారి బండిలో పోయాను. పంతులమ్మకు కబురు పంపితే చాలాసేపటికి వచ్చింది. చెంపలు జారిపోయాయి, కనుబొమలు లేవు, చేతుల మీద ఉడుకునీళ్ళ బొబ్బలు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అవ్వ కాళ్ళు, గోనె పీలికలు, పదేళ్ళు, చెల్లెలు ఎవరి పక్కన పడుకునేదో, అమ్మ అబద్ధం, జబ్బలో గోళ్ళు, అన్నీ. చెబుతూ ఏడ్చాను. ఇంక ఆమె మొహం తేటపడుతుందని చూశాను.

ఆమె అంతా వింది.

"మీ అవ్వ ఎప్పుడు పోయింది?"

"పోయిన నెల."

"పోయినంక చెప్తున్నవా." తలూపింది. "దొర నాకు అప్పుడే చెప్పిండు. ఇంట్ల ఎవ్వలకు లేదని మీ అమ్మ నోటితోని చెప్పిందట. కన్నతల్లి దొర ముంగట అబద్ధమాడుతదా?"

"ఆడింది పంతులమ్మా. ఒట్టు."

"ఒట్టు పెట్టొద్దని నేర్పిన గద." ఆమె గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "నువ్వు చిన్నప్పటి సంది గంతే. మనిషి సంబురపడాలంటే ఎంత కథైనా కడతవ్. ఆనాడు దేవాలయంల నన్ను దేవునంత జేసినవ్. ఇయ్యాల నా మనసు చల్లవడాలని పాపం ఆ ముసలామె మీద ఏస్తున్నవ్. ఆమె లేచొచ్చి కాదంటదా?"

నేను ఇంకేమేమో చెప్పాను. చెప్పేకొద్దీ నా మాటలు నాకే కట్టుకథలా వినిపించాయి. చెల్లెల్ని పిలిచి అడిగాను. అది "అవును, అవ్వ పక్కల పండేదాన్ని" అంది. ఏ పిల్ల అవ్వ పక్కన పడుకోదు? పంతులమ్మ దాని తల మీద గుడ్డ చుట్టిన చేతితో నిమిరి లోపలికి పంపేసింది.

"నా మీద ప్రేమతోని చెప్పినవ్. గది నాకు తెల్సు," అంది. "కానీ సచ్చినోళ్ళ మీద నింద ఏసుడు పెద్ద పాపం. నీ ఆత్మకు నేను జవాబు చెప్పుకోవాలె బిడ్డా, నువ్వు నా సంఘపు పిల్లవు. మోకాళ్ళేసుకో. తప్పైందని దేవునికి చెప్పుకో."

ఆమె అప్పటికే రాళ్ళకు అవతల మోకాళ్ళ మీద కూర్చుంది. ఎన్ని నెలలైందో ఆమె ఒక పిల్ల చేత ప్రార్థన చేయించక. కళ్ళు మూసుకుని, బడిలో ఎదురుచూసినట్టే ఎదురుచూస్తోంది. నేను కాదంటే ఆమెకు ఆ కాస్త పని కూడా మిగలదు. నేను ఆమెను చూడటం అదే ఆఖరు, మరుసటేడు పండుగకు ముందే ఆమె పోయింది. నేనూ ఇవతల మోకాళ్ళు వేశాను.

"ప్రభువా, నేను అబద్ధమాడిన. మా అవ్వ మీద లేనిది చెప్పిన. నన్ను క్షమించు," అన్నాను.

"ఆమేన్," అంది పంతులమ్మ. "మంచి పిల్లవు."

నేను దేవుడి ముందు అబద్ధమాడింది ఆ ఒక్కసారే.